విచారణకు నిలబడే మతిస్థిమితం ముద్దాయికి ఉందా లేదా: అమెరికా జ్యూరీలు దీన్నెలా తేలుస్తాయి?

గోదావరి గట్టు

ఆండ్రియా యేట్స్ కేసు గురించి చదువుతుంటే ఒకచోట ముడి పడింది. తెలిసినవాళ్ళు విప్పండి. 2001 జూన్ 20న హ్యూస్టన్‌లో ఆవిడ తన ఐదుగురు పిల్లల్ని బాత్‌టబ్బులో ముంచి చంపింది. అదే ఏడు సెప్టెంబరులో ఒక జ్యూరీ కూర్చుని, విచారణ ఎదుర్కొనే మానసిక స్థితిలోనే ఉందని తేల్చింది. 2002 మార్చిలో రెండో జ్యూరీ హత్యానేరం రుజువైందంది. ఆ తీర్పు 2005లో అప్పీల్లో కొట్టుకుపోయింది. 2006 జులైలో మూడో జ్యూరీ, మతిస్థిమితం లేనప్పుడు చేసింది కాబట్టి నిర్దోషి అంది.

మొదటి జ్యూరీ మతి ఉందంది, మూడోది లేదంది. రెండిట్లో ఒకటి తప్పేగా? పైగా సైకియాట్రిస్టులే ఒక మాట మీద లేనప్పుడు, ఊళ్ళోంచి పిలిపించిన పన్నెండు మంది మామూలు మనుషులు ఏ కొలతతో తేలుస్తారు?

న్యాయపథం

రెండూ ఒప్పే కావచ్చండి. ఆ రెండు జ్యూరీలను అడిగిన ప్రశ్నలు వేరు, చూడమన్న తేదీలు కూడా వేరు.

మూడో జ్యూరీ 2001 జూన్ 20 ఉదయానికి వెనక్కి వెళ్ళి చూడాలి. తీవ్రమైన మానసిక జబ్బు వల్ల, చేస్తున్న పని తప్పని ఆ క్షణంలో ఆవిడకు తెలియలేదా? ఇది ఇన్‌శానిటీ. మొదటి జ్యూరీకి ఆ ఉదయంతో పనే లేదు. సెప్టెంబరులో, కోర్టు హాల్లో కూర్చున్న ఈ మనిషి ఇవాళ తన లాయరుతో మాట్లాడి తన కేసు నడుపుకోగలదా అన్నదొక్కటే వాళ్ళ ముందున్నది. ఇది కాంపిటెన్సీ. నేరం చేశారా లేదా అన్నది ఈ దశలో చర్చకే రాదు. మొదటి జ్యూరీ 'మతి బాగుంది' అనలేదు. 'జబ్బు ఉన్నా, విచారణకు ఈ మాత్రం చాలు' అంది. ఆ సెప్టెంబరుకి ఆవిడకు జైల్లో కొన్ని వారాలుగా యాంటీసైకోటిక్ మందులు ఇస్తున్నారన్నది మర్చిపోకండి. మందుల మీద కుదుటపడ్డ మనిషిని కుదుటపడ్డట్టే లెక్కిస్తారు.

కొలత 1960 నాటిది, డస్కీ కేసు. అమెరికా సుప్రీంకోర్టు అందులో రాసింది చాలా కొద్ది మాటలు. ముద్దాయికి తేదీ తెలుసు, ఎక్కడున్నాడో తెలుసు, జరిగింది కొంత గుర్తుంది, అంతమాత్రాన చాలదంది. రెండు కావాలి. లాయరుతో తగినంత వివేకంతో సంప్రదించగల శక్తి ఇప్పుడు ఉండాలి. తన మీద జరుగుతున్న విచారణ గురించి వాస్తవ అవగాహనతో పాటు సహేతుకమైన అవగాహనా ఉండాలి. టెక్సస్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 46బీ అధ్యాయం ఇదే కొలతను తీసుకుంది. ఈ రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా అన్‌ఫిట్టే, అంటే విచారణకు తగని స్థితే. యేట్స్ నాటికి పాత 46.02 అధికరణం ఉండేది, 46బీ 2004 నుంచి వచ్చింది. ప్రశ్న మాత్రం మారలేదు.

పాతదస్త్రం

న్యాయపథం గారు చెప్పిన తేడాను ఒక జ్యూరీ కలగాపులగం చేస్తే ఏమవుతుందో 1846 నాటి విలియం ఫ్రీమన్ కేసులో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆబర్న్ ఊరు. ఫ్రీమన్ నల్లజాతి యువకుడు. గుర్రం దొంగతనం కేసులో ఐదేళ్ళు ఆబర్న్ జైల్లో గడిపాడు. ఆ దొంగతనం తను చేయలేదనే అతను చివరిదాకా అన్నాడు. జైల్లో చెక్కతో తల మీద కొట్టిన దెబ్బకు చెవుడు వచ్చింది, ఆ తర్వాత మనిషి పూర్తిగా మారిపోయాడు. విడుదలైన కొన్ని నెలలకే ఒక రైతు ఇంట్లో నలుగురిని చంపాడు. అతని తరఫున నిలబడింది మాజీ గవర్నరు విలియం సివార్డ్. తర్వాత లింకన్ దగ్గర విదేశాంగ మంత్రిగా చేసింది ఆయనే.

విచారణకు ముందు, ఇతనికి ఇప్పుడు మతి ఉందా అని తేల్చడానికి ఒక జ్యూరీని కూర్చోబెట్టారు. న్యూయార్క్ చట్టం ప్రకారం ఉన్మాద స్థితిలో ఉన్నవాడిని విచారించకూడదు. ఆ జ్యూరీ తెచ్చిన తీర్పు ఇది: మంచీ చెడూ తేడా తెలుసుకునేపాటి మతి, జ్ఞాపకం ముద్దాయికి ఉన్నాయి.

ఒకసారి నింపాదిగా చదవండి. అడిగింది ఉన్మాదం ఉందా లేదా అని. మంచీ చెడూ తేడా తెలియడం అనేది నేర బాధ్యత కొలత, వేరే గదికి తాళంచెవి. ఎంతో మంది ఉన్మాదులకు కూడా చంపడం తప్పని తెలుసు. జడ్జి ఆ తీర్పునే తీసుకుని విచారణ నడిపించేశాడు, ఉరిశిక్ష వేశాడు. 1847లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. జ్యూరీ అడిగిన ప్రశ్నకు జవాబివ్వలేదని, ఆ జవాబును ఒప్పుకోవడం తప్పని చెప్పింది. మళ్ళీ విచారణ జరగకముందే, అదే ఏడు ఆగస్టులో ఫ్రీమన్ జైలు గదిలోనే క్షయతో చనిపోయాడు. శవపరీక్షలో మెదడు జబ్బు పడ్డట్టు కనిపించింది.

నూట ఎనభై ఏళ్ళు కావస్తున్నా, జ్యూరీలు ఇప్పటికీ జారిపడేది ఈ మెట్టు మీదే.

డాలస్ డాబా

అయితే క్రిమినల్ కేసుల్లో ప్రతిదానికీ ముందు ఇలాంటి జ్యూరీ కూర్చుంటుందా? ఇక్కడ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకు జ్యూరీ సమన్లు వస్తూనే ఉంటాయి కానీ ఇలాంటిది ఒకటుందని ఎక్కువమందికి తెలియదు.

న్యాయపథం

అరుదండి. అదెందుకో తెలిస్తే జ్యూరీ ముందుకొచ్చే కేసు ఎలా ఉంటుందో కూడా అర్థమవుతుంది.

ఫెడరల్ కోర్టుల్లో దీనికి జ్యూరీ లేదు, జడ్జే తేలుస్తాడు. చాలా రాష్ట్రాల్లోనూ అంతే. ఇది రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు, ఆయా రాష్ట్రాల చట్టం ఇచ్చినది. టెక్సస్, కాలిఫోర్నియా, ఇల్లినాయ్, ఓక్లహోమా, జార్జియా లాంటి కొన్నిచోట్ల అడిగితే జ్యూరీ వస్తుంది.

టెక్సస్‌లో నడక ఇదీ. డిఫెన్స్ కావచ్చు, ప్రాసిక్యూషన్ కావచ్చు, జడ్జి తనంతట తాను కావచ్చు, ఎవరో ఒకరు సందేహం ఎత్తుతారు. జడ్జి ముందు చిన్న వాకబు లాంటిది చేస్తాడు. ఎక్కడినుంచైనా సరే, కొంత ఆధారం కనిపిస్తే చాలు, ముందుకెళ్ళాలి. ఎక్స్‌పర్టును నియమిస్తారు, ఆ ఎక్స్‌పర్టు 30 రోజుల్లోపు రిపోర్టివ్వాలి. అది చూశాక రెండు పక్షాలూ, జడ్జీ 'అన్‌ఫిట్టే' అని ఒప్పుకుంటే ఇక దీని మీద విచారణ అక్కర్లేదు, నేరుగా చికిత్స ఆర్డరే. రిపోర్టు 'ఫిట్' అన్నప్పుడు ఎవరూ కాదనకపోతే కేసు సాగిపోతుంది. పేచీ మిగిలినప్పుడు, అందులోనూ ఎవరైనా జ్యూరీ కావాలన్నప్పుడే జ్యూరీ కూర్చుంటుంది.

అంటే తేలికగా తెమిలేవన్నీ ముందే వడగట్టుకుపోతాయి. జ్యూరీ దాకా వచ్చేది ఇద్దరు చదువుకున్న డాక్టర్లు ఎదురెదురు చెప్పే కేసే. డాక్టర్ల మాటలే కలవట్లేదు, మేమేం చేస్తాం అని జ్యూరర్లు బెంగపడాల్సిన పనిలేదు. మాటలు కలవలేదు కాబట్టే వాళ్ళను పిలిచారు.

ఇంకొకటి, కాంపిటెన్సీ తేల్చిన జ్యూరీ నేరవిచారణలో కూర్చోకూడదు. టెక్సస్ చట్టం ఖచ్చితంగా చెప్పింది, వేరే జ్యూరీ ఉండాల్సిందే. యేట్స్ కేసులో జ్యూరీల లెక్క పెరిగింది కొంత అందుకే.

మనోవీక్ష

ఎక్స్‌పర్టు ఏం చేస్తాడో చెప్తాను, సాక్ష్యం వినేటప్పుడు ఎక్కడ చెవి పెట్టాలో తెలుస్తుంది.

టెక్సస్‌లో రిపోర్టు ఆరు విషయాలు తడమాలి. తన మీద మోపిన నేరం, పడబోయే శిక్ష అర్థమవుతున్నాయా. జరిగినదాన్నీ అప్పటి తన మనసులో ఉన్నదాన్నీ లాయరుకు చెప్పగలడా. విచారణకు పోవాలా, నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకోవాలా లాంటి దారుల్లో ఆలోచించి ఎంచుకోగలడా. ఎవరు తన పక్షం, ఎవరు ఎదురుపక్షం తెలుసా. కోర్టులో పద్ధతిగా కూర్చోగలడా. అవసరమైతే బోనెక్కి చెప్పగలడా.

జ్యూరీని ఎక్కువగా తప్పుదారి పట్టించేది వాస్తవ అవగాహనకూ సహేతుక అవగాహనకూ మధ్య ఉన్న సందు. ఒక ఉదాహరణ అనుకోండి. 'జడ్జి ఏం చేస్తారు?' 'శిక్ష వేస్తారు.' 'జ్యూరీలో ఎంతమంది?' 'పన్నెండు.' 'నీ లాయరు పనేంటి?' 'నా తరఫున మాట్లాడటం.' ముత్యాల్లాంటి జవాబులు. ఆ తర్వాత ప్రశ్న: 'మరి ఆ లాయరుకు జరిగింది ఎందుకు చెప్పట్లేదు?' 'చెప్పక్కర్లేదు. ఆయన నా ఆలోచనలు రికార్డు చేసి ఎదుటివాళ్ళకు పంపుతున్నాడు. ఎలాగూ మంగళవారం నన్ను వదిలేస్తారు, పైనుంచి కబురొచ్చింది.' మొదటి మూడు జవాబులు వాస్తవ అవగాహన, అది నిండుగా ఉంది. నాలుగోది వినగానే రెండోది లేదని తెలిసిపోతుంది. క్రాస్‌లో ప్రాసిక్యూటర్ మొదటి మూడే చదివించి కూర్చుంటాడు. నాలుగోది ఉందో లేదో కనిపెట్టుకుని ఉండాలి.

మాక్‌క్యాట్-సీఏ అనే పరీక్షను ఇందుకే రెండు ముక్కలుగా కట్టారు. మొత్తం 22 ప్రశ్నలు. మొదటి 16 ఒక కల్పిత గొడవ గురించి, బార్లో ఇద్దరు కొట్టుకున్న కథ. చివరి 6 ముద్దాయి సొంత కేసు గురించి. భ్రమల జబ్బున్నవాళ్ళు కొందరు ఊరివాళ్ళ గొడవ మీద 16 ప్రశ్నలూ చక్కగా దాటేసి, తమ కేసు దగ్గరకొచ్చేసరికి తడబడతారు. భ్రమ కూర్చునేది తన సొంత విషయం మీదే. అందుకని 'టెస్టులో మంచి స్కోరొచ్చింది' అని సాక్షి చెప్తే, ఏ భాగంలో అన్నది వినాలి.

ఇక నటన. ఈ అనుమానం ప్రతి జ్యూరర్‌కూ వస్తుంది, రావాలి కూడా. టామ్ అని జ్ఞాపకశక్తి పరీక్ష ఉంది. 50 బొమ్మలు చూపిస్తారు. తర్వాత ఒక్కోసారి రెండేసి బొమ్మలు పెట్టి ఇందాక చూసింది ఏదో చెప్పమంటారు. కళ్ళు మూసుకుని చెప్పినా 25 దాకా ఒప్పవుతాయి. ఒక మోస్తరు జ్ఞాపకం దెబ్బతిన్నవాళ్ళు కూడా 45 దాటుతారు. 10, 12 వచ్చిందనుకోండి, ఒప్పు బొమ్మ ఏదో తెలిసి మరీ రెండోది చూపించినట్టు. గుడ్డిగా చెప్తే అంత తక్కువ రాదు. 35 వస్తే మాత్రం అంత నమ్మకంగా చెప్పలేం. తీవ్రమైన డిమెన్షియా, మేధోపరమైన వైకల్యం ఉంటే నిజాయితీగానే తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నటించినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. నిజంగా స్కిజోఫ్రేనియా ఉన్న మనిషి కూడా భయంతో కొంత పెంచి చెప్పవచ్చు. 'నటిస్తున్నాడు' అన్న ముద్ర పడగానే మిగతా సాక్ష్యం మొత్తం చెత్తబుట్టలో వేసే జ్యూరీ పొరపాటు చేస్తుంది.

పాతదస్త్రం

'గుర్తులేదు' అన్న వాదన గురించి కూడా చెప్పుకోవాలి. 1959లో లండన్‌లో గుంథర్ పోడోలా అనేవాడు రేమండ్ పర్డీ అనే డిటెక్టివ్ సార్జెంట్‌ను కాల్చి చంపాడు. అరెస్టు నాటి దెబ్బల వల్ల జరిగినదంతా మర్చిపోయానన్నాడు. అప్పట్లో ఇంగ్లండులోనూ ఈ ప్రశ్న జ్యూరీదే. ఆ జ్యూరీ అతని మతిమరుపు నిజం కాదంది. ఇంకో జ్యూరీ దోషి అంది, నవంబరులో ఉరి తీశారు. అప్పీలు కోర్టు తేల్చిన సూత్రం నేటికీ నిలబడుతోంది: జరిగిన సంగతి గుర్తు లేకపోవడం ఒక్కటే అన్‌ఫిట్ చేయదు. ఇప్పుడు అర్థం చేసుకుని ఆలోచించగలిగితే చాలు.

ఇంగ్లండు 2004 చట్టంతో ఈ పని జ్యూరీ చేతుల్లోంచి తీసి జడ్జికి ఇచ్చేసింది. కనీసం ఇద్దరు డాక్టర్ల సాక్ష్యం ఉండాలి. అన్‌ఫిట్ అని తేలాక, 'ఆ పని ఇతనే చేశాడా' అన్నది మాత్రం ఇప్పటికీ జ్యూరీయే చూస్తుంది. ఇది వైద్యంతో ముడిపడిన ప్రశ్న కాబట్టి ఇంగ్లండు చేసిందే సబబని నా అభిప్రాయం.

న్యాయపథం

ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించను. జబ్బు పేరు చెప్పాల్సింది డాక్టరే, ఒప్పుకుంటాను. కానీ 'లాయరుతో కలిసి ఈ కేసు నడపడానికి ఇంత అవగాహన చాలా' అనేది వైద్యం కాదు, న్యాయంగా ఎంత ఉంటే చాలు అన్న తూకం. ఆ తూకం పన్నెండు మంది వేయడంలో తప్పు కనిపించదు. జడ్జి ఒక్కడే తేల్చినప్పుడు పొరపాట్లు జరగలేదా? ఓక్లహోమాలో బైరన్ కూపర్ సంగతి చూడండి. కోర్టుకు వేసుకోమని ఇచ్చిన బట్టలు ఒళ్ళు కాలుస్తున్నాయని జైలు బట్టలు విప్పనన్నాడు. తనకు మాత్రమే కనిపించే ఆత్మతో మాట్లాడాడు. సొంత లాయరు తనను చంపుతాడని జడుసుకుని వెనక్కి జరిగి, కింద పడి తల గోడకు కొట్టుకున్నాడు. జడ్జి, ఇతను మామూలుగా లేడని ఒప్పుకుంటూనే అన్‌ఫిట్ అనలేదు.

అక్కడ అసలు దోషం రుజువు మోతాదులో ఉంది. అన్‌ఫిట్ అని ముద్దాయి 'స్పష్టమైన, నమ్మదగిన' సాక్ష్యంతో నిరూపించుకోవాలని ఓక్లహోమా చట్టం అడిగేది. 1996లో సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది మందీ అది చెల్లదన్నారు. అన్‌ఫిట్ అవడానికే ఎక్కువ అవకాశం ఉన్న మనిషిని కూడా విచారణకు ఈడ్చే నియమం అది అన్నారు. నిరూపించే బరువు ముద్దాయి మీద పెట్టొచ్చు, అది 1992లో మెడీనా కేసులో ఒప్పుకున్నారు. సాక్ష్యం ఒక పక్కకు కాస్త మొగ్గితే చాలు, ఆ మొగ్గును మించి అడగకూడదు, అంతే.

జ్యూరర్ చేతికి వచ్చే కొలత ఈ మొగ్గే. కూరగాయల తక్కెడ ఊహించుకోండి, ఒక పళ్ళెం గోరంత దిగినా దిగినట్టే. నేరవిచారణలోలా 'సందేహానికి తావు లేకుండా' కాదు. సినిమాల్లో విన్న ఆ మాట మనసులో పెట్టుకుని కూర్చునే జ్యూరర్, తెలియకుండానే ముద్దాయి మీద మోయలేని బరువు పెడతాడు.

మరి పళ్ళేలు సమానంగా నిలిస్తే? టెక్సస్, కాలిఫోర్నియాల్లో ముందుగానే ఫిట్ అనుకుంటారు, కాబట్టి సమానమైతే ఫిట్. ఇల్లినాయ్‌లో గట్టి సందేహం లేచిందంటే, ఫిట్ అని ప్రభుత్వం నిరూపించాలి. కాబట్టి సమానమైతే అన్‌ఫిట్. అవే సాక్ష్యాలు, అదే మనిషి, రాష్ట్రం సరిహద్దు దాటితే తీర్పు తిరగబడొచ్చు. జడ్జి చదివే సూచనల్లో 'ఎవరు నిరూపించాలి' అన్న వాక్యం అందుకే ప్రాణం లాంటిది.

డాలస్ డాబా

జ్యూరీ గదిలో తలుపు వేశాక ఏం జరుగుతుంది? జబ్బు, మందులు, టెస్టులు, ఇవన్నీ ఏ వరసలో మాట్లాడుకుంటారు?

అక్షరసేన

వరస చట్టంలో ఉండదు, జ్యూరీ ఇష్టం. ముందు ఒకరిని జ్యూరీ పెద్దగా ఎన్నుకుంటారు. అక్కడినుంచి రెండు దారులు. కూర్చోగానే చేతులెత్తి ఓటేయడం మొదటిది. ఇది పెద్ద ఇబ్బంది. ఓటేసిన మనిషి ఆపైన సాక్ష్యం వెతకడు, తన ఓటుకు దన్ను వెతుకుతాడు. రెండోది, ప్రశ్నను ముక్కలు చేసి ఒక్కో ముక్క కింద సాక్ష్యం పేర్చి, ఓటు చివరికి ఉంచడం. ఇందులోనే తీర్పు గట్టిపడుతుంది.

ముక్కలు ఎక్కడివంటే, జడ్జి రాసిచ్చే సూచనల్లోవే. కాలిఫోర్నియా జ్యూరీకి చదివే సూచనలో మూడుంటాయి: విచారణ స్వభావం, ఉద్దేశం అర్థమవుతున్నాయా, లాయరుకు సహేతుకంగా సాయపడగలడా, ఈ విచారణలో తన స్థానం, పరిస్థితి తెలుసా. బోర్డు మీద ఈ మూడు శీర్షికలు రాసి, ఒక్కో సాక్షి చెప్పింది ఏ శీర్షిక కింద పడుతుందో చూడాలి. దేని కిందా పడని సాక్ష్యం చాలా ఉంటుంది. నేరం ఎంత ఘోరమో చెప్పేదంతా అలాంటిదే. యేట్స్ కేసులో ఐదుగురు పసిపిల్లల ముఖాలు ఆ గదిలో ఎవరి మనసులోంచి పోతాయి? పోవు. కానీ అవి ఈ మూడు శీర్షికల్లో దేని కిందా రాయలేరు.

డాక్టర్లది తేలనప్పుడు బరువు తూచేది రోజువారీ సాక్ష్యం. జైలు నర్సు రాసుకున్న నోట్సు, మందులు మింగాడా ఉమ్మేశాడా అన్న చార్టు, జైలు క్యాంటీన్‌లో సామాన్ల కోసం రాసిన చీటీ, రికార్డయిన ఫోన్ కాల్స్. అక్కతో ఫోన్లో బెయిలు డబ్బు గురించి, వాయిదా తేదీ గురించి ఇరవై నిమిషాలు తీరుగా మాట్లాడాడంటే ప్రాసిక్యూషన్‌కు అది గట్టి సాక్ష్యం. అయితే ఆ కాల్ తేదీ చూడాలి. నాలుగు నెలల కిందటిదైతే 'ఇవాళ' గురించి అది చెప్పేది తక్కువే. డాక్టరు కూడా ఎన్నిసార్లు కలిశాడు, ఎంతసేపు, ఆఖరిసారి ఎప్పుడు? ఒక్కసారి గంటసేపు చూసిన ప్రొఫెసరు కన్నా, రెండు నెలలు రోజూ చూసిన ఆసుపత్రి సైకాలజిస్టుకు తెలిసేది ఎక్కువ కావచ్చు.

లాయరుకు సాయపడగలడా అన్నదానికి అసలు సాక్షి లాయరే. కానీ తన క్లయింటు చెప్పిన మాటలు బయటపెట్టకూడదు కాబట్టి అతను నోరు విప్పడం కష్టం. లాయరు సాక్ష్యం చెప్పలేదు కాబట్టి డిఫెన్స్ వాదన డొల్ల అని జ్యూరీ అనుకుంటే అన్యాయమే.

మరీ ఎక్కువగా కనిపించే తప్పు, ముద్దాయి నిశ్శబ్దంగా కూర్చున్నాడు కాబట్టి బాగానే ఉన్నాడనుకోవడం. మందుల మత్తు కూడా అలాగే కనిపిస్తుంది. తన లోకంలో తాను ఉన్న మనిషీ అలాగే కనిపిస్తాడు. కోర్టులో చూసింది లెక్కలోకి తీసుకోవచ్చు, అదొక్కటే తీసుకోకూడదు.

తీర్పు టెక్సస్‌లోనూ, కాలిఫోర్నియాలోనూ ఏకగ్రీవం కావాలి. పదకొండు, ఒకటి చాలదు. ముడిపడితే జడ్జి ఇంకొంచెం ప్రయత్నించమని చెప్పి పంపొచ్చు. ఆ పద్ధతి 1896 నాటి ఆలెన్ కేసు నుంచి ఉంది. అప్పటికీ తేలకపోతే మిస్‌ట్రయల్, అంటే ఆ విచారణ రద్దు, కొత్త జ్యూరీ.

గోదావరి గట్టు

'అన్‌ఫిట్ అంటే వదిలేస్తారు, రేపు మన వీధిలో తిరుగుతాడు' అన్న భయం ఆ గదిలో మాట్లాడుతుందనిపిస్తోంది.

అక్షరసేన

మాట్లాడుతుంది. అది చాలావరకు తప్పుడు లెక్క. కేసు కొట్టేయరు, ఆపుతారు. టెక్సస్‌లో చిన్న నేరమైతే 60 రోజులు, ఫెలొనీ, అంటే పెద్ద నేరమైతే 120 రోజులు చికిత్స, అవసరమైతే ఒకసారి ఇంకో 60 పొడిగింపు. కుదుటపడితే తిరిగి అదే కేసు, అదే విచారణ. కాలిఫోర్నియాలో ఫెలొనీకి గరిష్ఠం రెండేళ్ళు. కుదుటపడే ఆశే లేకపోతే సివిల్ చట్టం కింద ఆసుపత్రిలో ఉంచే ప్రక్రియ వేరే ఉంది.

ఆ గడువులు ఊరికే రాలేదు. ఇండియానాలో థియాన్ జాక్సన్ అనే 27 ఏళ్ళ చెవిటి, మూగ యువకుడి మీద రెండు దోపిడీ కేసులు. పోయిన సొత్తు రెండూ కలిపి తొమ్మిది డాలర్లు. సైగలతో కూడా సరిగ్గా మాట్లాడలేడు, బాగుపడే మార్గం లేదు. కోర్టు 'ఫిట్ అయ్యేదాకా' అని ఆసుపత్రికి పంపింది, అంటే జీవితాంతం. 1972లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. తొమ్మిది డాలర్లకు ఒక మనిషి జీవితమంతా.

ఎటు తిరిగినా, ఆ తర్వాత ఏమవుతుందన్నది జడ్జి పని. జ్యూరీ చేతిలో ఉన్న పత్రంలో ఒకే ప్రశ్న ఉంటుంది.

డాలస్ డాబా

ఇంకొక్కటి. పిల్లల దగ్గరకు వచ్చిన అరవై, డెబ్భై ఏళ్ళ తెలుగు పెద్దవాళ్ళ మీద ఏదైనా కేసు పడితే? ఇంగ్లిషు రాదు, ప్లీ బార్గెయిన్ (నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ఒప్పందం) అంటే ఏమిటో తెలియదు. 'అంతా ఖర్మ' అని కూర్చుంటారు. దాన్ని అన్‌ఫిట్ అనేస్తారా?

మనోవీక్ష

అనకూడదు. భాష రాకపోతే ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టాలి, అది అన్‌ఫిట్ కిందికి రాదు. తెలియకపోవడం వేరు, తెలుసుకోలేకపోవడం వేరు. అందుకే మంచి పరీక్షలో జవాబు తప్పితే డాక్టరు అక్కడే విడమరిచి చెప్పి, తర్వాత సొంత మాటల్లో చెప్పమంటాడు. 'తప్పు ఒప్పుకుంటే తక్కువ శిక్ష, ఒప్పుకోకుండా ఓడితే ఎక్కువ శిక్ష' అని తెలుగులో చెప్పాక, 'అంటే ఒప్పుకుంటే ఇక ఆ కేసు మీద వాదించుకోలేనన్నమాట' అని ఆ పెద్దాయన అన్నారంటే ఆ శక్తి ఉన్నట్టే. మూడుసార్లు చెప్పినా నిలవకపోతే డిమెన్షియా ఉందేమో చూడాలి.

'ఖర్మ', 'దేవుడే చూసుకుంటాడు' అన్నవి మనలో అందరూ అనే మాటలు. భ్రమ అంటే తన సమాజంలో వాళ్ళకు కూడా వింతగా తోచేది. 'దేవుడి దయ ఉంటే గెలుస్తాం, లాయరు గారు చెప్పినట్టు చేద్దాం' అనేవాళ్ళకు భ్రమ లేదు. 'దేవుడు జడ్జిలో దూరాడు, లాయరు అక్కర్లేదు' అంటే ఉంది. ఇంటర్‌ప్రెటర్ పొడవాటి జవాబును ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ తేడా గాల్లో కలిసిపోతుంది. మాటకు మాట అనువదించమని డిఫెన్స్ పట్టుబట్టాలి. కుటుంబసభ్యులను ఇంటర్‌ప్రెటర్లుగా అసలు పెట్టనివ్వకూడదు.

వరంగల్ వకాల్తా

మన దేశంలోనూ ఒకప్పుడు ఇది జ్యూరీ పనే, చాలామందికి తెలియదు. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 465వ సెక్షన్ చూడండి. సెషన్స్ కోర్టులో ముద్దాయి మతి చెడి తన వాదన తాను చేసుకోలేని స్థితిలో కనిపిస్తే, జ్యూరీ గానీ, అసెసర్ల (జడ్జికి సలహా చెప్పే మామూలు పౌరుల) సాయంతో కోర్టు గానీ ముందు ఆ విషయమే విచారించాలి. నిజమని తేలితే విచారణ వాయిదా వేసి జ్యూరీని పంపించేయాలి. 1973 కోడ్‌లో జ్యూరీ లేకుండా పోయింది, 329వ సెక్షన్ కింద పని కోర్టుకు వచ్చింది. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 368.

కొలత మాత్రం అదే, తన వాదన చేసుకోలేని స్థితి. కోర్టు సైకియాట్రిస్టు దగ్గరకు గానీ క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు గానీ పంపుతుంది. వాళ్ళ మాటతో ముద్దాయికి అభ్యంతరం ఉంటే మెడికల్ బోర్డుకు అప్పీలు. నేరం నాటి మతి గురించిన వాదన, పాత ఐపీసీ 84, ఇప్పుడు న్యాయ సంహిత 22, పూర్తిగా వేరే. కింది కోర్టుల్లో పిటిషన్ ఈ రెండూ కలిపి రాసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. 84 కింద ఓడిపోవడమే కాదు, 329 కింద ఆగాల్సిన విచారణ కూడా ఆగకుండా పోతుంది. రెండు పిటిషన్లు విడివిడిగా, రెండు తేదీలు విడివిడిగా రాయండి.

గోదావరి గట్టు

ముడి విడింది, అందరికీ ధన్యవాదాలు. ఆఖరుగా, జ్యూరీ ఒకసారి ఫిట్ అన్నాక, నేరవిచారణ మధ్యలో మనిషి మళ్ళీ దిగజారితే?

న్యాయపథం

మళ్ళీ ఎత్తవచ్చు, ఎత్తి తీరాలి. జ్యూరీ తీర్పు ఆ రోజుకే. అయితే టెక్సస్‌లో, ముందు తీర్పు తర్వాత పరిస్థితి మారిందని ఏదో ఒకటి చూపించాలి, పాత రిపోర్టే మళ్ళీ పెడితే కుదరదు.

డ్రోప్ కేసు చూడండి. మిస్సోరీలో విచారణ రెండో రోజున ముద్దాయి పొట్టలో తుపాకీతో కాల్చుకున్నాడు. అతను ఆసుపత్రిలో ఉండగానే, అతను లేకుండానే కోర్టు విచారణ సాగించి దోషి అని తేల్చింది, జీవితఖైదు వేసింది. 1975లో సుప్రీంకోర్టు అందరూ ఒక్కమాటగా కొట్టేశారు. మొదట్లో ఫిట్‌గా ఉన్నా, విచారణ నడిచినంతకాలం మార్పు కోసం జడ్జి కనిపెట్టుకుని ఉండాల్సిందేనన్నారు. సందేహం వచ్చిన చోట విచారణ ఆపి, పరీక్ష చేయించి, అవసరమైతే కొత్త జ్యూరీని పిలిచి, మొదట్నుంచీ అదే ప్రశ్న అడగాలి.